మగ్గుకు రెండు దెబ్బలు

మా ఆసుపత్రి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా రొట్టెలు చేస్తున్న మనిషిని అందరూ రొట్టెల పిన్ని అంటారు. ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరు ఆ పేరు పెట్టి పిలిస్తే, ఎవరినబ్బా అని ఆవిడే వెనక్కి తిరిగి చూసింది. నేను మాత్రం అక్కా అంటాను. వంటగదిని ఆనుకుని ఉన్న స్టోరుకి నేను గుమాస్తాని. బస్తాలు దించుకోవడం, తాళాల గుత్తి మోగించుకుంటూ తిరగడం, ఎవరైనా చూస్తుంటే ఏదో ఒకటి రాసుకోవడం నా పని.

వంటగది నేల కింద ఉంటుంది. పైన గోడకు ఒక బారెడు కిటికీ. అందులోంచి రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లు మోకాళ్ల దాకానే కనిపిస్తాయి. ముప్పై ఒక్క ఏళ్లు లోకాన్ని మోకాళ్ల దాకానే చూశానంటుంది ఆవిడ. ఎవరి చెప్పులు అరిగాయో, ఎవరు కుంటుతున్నారో, ఎవరు కొత్తగా పెళ్లయి నిదానంగా నడుస్తున్నారో ఆవిడకి తెలుసు. ముఖాలే తెలియవు.

ఉద్యోగంలో చేరింది గిన్నెలు తోమడానికి. అంబులెన్స్ నడిపే ఆవిడ భర్త పోయాక, ఆయన పేరు మీద ఇచ్చిన పని అది. అప్పటి రొట్టెల మేస్త్రి కాళ్లవాపుతో ఒకరోజు రాలేదు. ఆ ఒక్కరోజుకి నువ్వు కలుపమ్మా అన్నారు. ఆ ఒక్కరోజు ఇంకా అవలేదు.

ఆవిడ పని పొద్దున ఆరింటికి మొదలవుతుంది. పొడుగాటి ఉక్కు తొట్టి, పక్కన నోరు విప్పిన పిండి బస్తా, చేతిలో ఒక అల్యూమినియం మగ్గు. ఆ మేస్త్రి నుంచి వచ్చిన మగ్గే. పట్టుకుంటే జారిపోకుండా పిడికి ఎర్రటి తాడు చుట్టి ఉంటుంది. మగ్గు బస్తాలో ముంచుతుంది, తొట్టి అంచుకి రెండుసార్లు తాటిస్తుంది, టక్ టక్. పిండి కిందికి దిగుతుంది. పైన ఇంకొంచెం వేసి అరచేత్తో చదును చేసి తొట్టిలో బోర్లిస్తుంది. పెదవులు కదుపుతూ ‘ఒకటి’ అంటుంది. అలా ఇరవై. తర్వాత ప్లాస్టిక్ క్యాన్‌తో ఏడున్నర గీత దాకా నీళ్లు, ఒక గిన్నెడు ఉప్పు, ఈస్టు. ఒకటికీ ఇరవైకీ మధ్య ఆవిడతో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి పెద్ద డాక్టరు గుమ్మంలోకి వచ్చి ఏదో అడగబోతే, ఆవిడ వేలెత్తి ఆపింది. పన్నెండో మగ్గు నుంచి ఇరవయ్యో మగ్గు దాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ మగ్గు ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు, డైట్ మేడమ్ వచ్చేదాకా.

డైట్ మేడమ్ వయసులో చిన్నది, పనిలో గట్టిది. రోగులకిచ్చే తిండి అంతా గ్రాముల్లో రాసి ఉండాలంది. రొట్టెలో పిండి ఎంత అని పిన్నిని అడిగితే ఇరవై మగ్గులంది. మగ్గంటే ఎంత అంటే, మగ్గంటే మగ్గేనమ్మా, చూడలేదా అని ఎత్తి చూపించింది. మేడమ్ నా వైపు తిరిగి, మీరు తూచి చెప్పండి అంది.

ఆ మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్లాక మగ్గుని స్టోరులోకి తెచ్చుకున్నాను. ఆవిడ ఎలా నింపుతుందో అడగొచ్చు. ఇరవై ఏళ్లుగా పక్కగదిలో ఉంటూ ఆ టక్ టక్ రోజూ వింటున్నవాణ్ని, గుర్తు తెచ్చుకోనైనా తెచ్చుకోవచ్చు. కానీ నాకు శుభ్రత ఎక్కువ. చిన్న గరిటెతో పిండిని మంచు రాలినట్టు మెల్లగా పోశాను, స్కేలుతో గీసి చదును చేశాను, కాటా మీద పెట్టాను. మగ్గు బరువు పోను సరిగ్గా ఐదువందల గ్రాములు. అంత గుండ్రటి అంకె రావడం నా గొప్పే అనుకున్నాను. ‘మగ్గు = 500 గ్రాములు, ఇరవై మగ్గులు = 10 కిలోలు’ అని అందంగా రాసిచ్చాను. మేడమ్ దానికి అద్దం బిగించి వంటగది గోడకు తగిలించింది. పిన్ని దాన్ని ఒకసారి చూసి, బాగుంది తమ్ముడూ, అద్దం తుడవడం ఒకటి ఎక్కువైంది నాకు అంది.

బస్తా లెక్కలో తేడా నీకు కనపడలేదా అని మీరు అడగొచ్చు. వంటగది పిండి రొట్టెకొక్కదానికే పోదు. సూపుకీ జావకీ అందులోంచే తీస్తారు. తేడా వాటి కింద దాక్కుంది. దాక్కునే విద్య నాకూ కొంచెం వచ్చని ముందు ముందు మీకే తెలుస్తుంది.

వంటగది వెనక తలుపు నుంచి రోడ్డు మీదకి ఒక వాలు బాట ఉంది. సరుకు తోపుడుబండ్ల కోసం వేసింది. నేను నా స్కూటర్ని ఆ వాలు మీంచి కిందికి దించి నీడలో పెట్టుకునేవాణ్ని. ఒక బుధవారం పొద్దున పిన్ని, తమ్ముడూ, ఆ బండి కిందికి తేకు, ఏదో ఒకరోజు దేన్నో తొక్కిస్తావ్ అంది. గిన్నెలు తోమే ఇద్దరాడవాళ్లు నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది. పాతికేళ్లుగా బండి నడుపుతున్నాను, చీమని కూడా తొక్కించలేదు అని చిన్నపాటి ఉపన్యాసం ఇచ్చాను.

అదే రోజు మధ్యాహ్నం, భోజనం చేసి తిరిగొస్తూ, ఎండలో ఆరడానికి వాలు మీద బోర్లించిన మగ్గుని తొక్కించాను.

పెద్ద చప్పుడేం కాలేదు. దిగి చూస్తే పళ్లెంలా ఉంది. పిడి మాత్రం ఎర్రతాడుతో సహా చెక్కు చెదరకుండా, నన్ను చూపించే వేలులా పైకి లేచి ఉంది. ఎవరూ చూడలేదు. చెబితే ఏమయ్యేది? ఓ రెండు మాటలు అనేది, తోమే ఇద్దరూ ఓ వారం నవ్వుకునేవాళ్లు, అంతే. కానీ చీమ మాట పొద్దున్నే అని ఉన్నాను. ఆ మాట నోట్లో ఇంకా ఆరలేదు.

చదునైన మగ్గుని చొక్కా కింద దోపుకుని స్టోరులోకి జారుకున్నాను. బల్ల కింది సొరుగులో పాత క్యాలెండర్ల అడుగున పెట్టి, సాయంత్రం గిన్నెల అంగడికి వెళ్లాను.

“అర కిలో పిండి పట్టే మగ్గు కావాలి.”

“మగ్గులు నీళ్లకమ్ముతామండీ, పిండికి కాదు,” అన్నాడు అంగడాయన, పళ్లలో పుల్ల తియ్యకుండానే.

నా దగ్గర లెక్క ఉంది కదా, భయమేం? పక్క దుకాణంలో అర కిలో పిండి పొట్లం కొనుక్కొచ్చి, అలాంటి రూపే ఉన్న ఒక మగ్గులో పోశాను. కొంచెం గుట్టగా మిగిలింది. మీరలా పట్టుకుంటే ఎలాగండీ, ఇటివ్వండి అని ఆయన దాన్ని లాక్కుని గల్లా బల్ల మీద రెండు మూడు సార్లు కొట్టాడు. పిండి దిగి అంచుకి సరిగ్గా సమానమైంది. మీకోసమే పుట్టిందండీ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఇంటికెళ్లి ఇటుకపొడితో రుద్ది రుద్ది మెరుపు చంపాను. మర్నాడు తెల్లారకముందే వచ్చి సొరుగులోంచి పాత పిడి తాడు విప్పి కొత్త పిడికి చుట్టాను. చుట్లు కూడా లెక్కపెట్టాను, పదకొండు. దొంగపనిలో నాకంత శ్రద్ధ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆరింటికి పిన్ని మగ్గు ఎత్తింది. చేతిలో ఆడించి చూసింది.

“ఇవాళ తేలిగ్గా ఉందేంటి?”

“నీ చేతికి బలం వచ్చిందక్కా.”

“ఈ వయసులో వచ్చేవి వేరే ఉంటాయిలే,” అని బస్తాలో ముంచింది.

ఇరవై మగ్గులు పోసింది. ఏడున్నర గీత నీళ్లు పోసి కలిపింది. పిండి ముద్ద కాలేదు. మోచేతుల దాకా జిగురుగా పట్టుకుని జారింది. ఆవిడ కాసేపు చేతులు అలాగే ఉంచి నిలబడింది. ఒక మగ్గు వేసింది. చాల్లేదు. రెండు, మూడు, నాలుగు. అప్పటికి దారికొచ్చింది. రొట్టె ఎప్పటిలాగే పొంగింది, పై వార్డుల్లో వాళ్లు ఎప్పటిలాగే తిన్నారు. తప్పింది లెక్క ఒక్కటే.

రెండో రోజూ అంతే. మూడో రోజు, మాట్లాడని తోమేవాళ్లని మాట్లాడొద్దని కసిరింది. నాలుగో రోజు సుద్దముక్క పట్టుకుని మగ్గుకొక గీత చొప్పున గోడ మీద పెట్టింది. ఐదేసి గీతల కట్టలు నాలుగు వచ్చాయి. పిండి జారుగానే ఉంది. ఆవిడ గోడనీ తొట్టినీ మార్చి మార్చి చూసింది. గీత పెట్టి మగ్గు పోయడం మర్చిపోయానేమో అని తనలో తను అనుకోవడం నాకు వినిపించింది. మర్నాడు ఎండు చిక్కుడుగింజలు ఇరవై ఒక గిన్నెలో వేసుకుని, మగ్గు పోసినప్పుడల్లా ఒక గింజ రెండో గిన్నెలోకి మార్చింది. గింజలన్నీ మారాయి, పిండి మారలేదు. నీళ్ల క్యాన్ గీతలు తుడిచి తుడిచి చూసింది. బస్తా మార్చమంది. మార్చాను. అన్నిటినీ అనుమానించింది, మగ్గుని తప్ప. దానికి ఎర్రతాడు ఉంది కదా.

ఇక్కడ నేను మీకొకటి ఒప్పుకోవాలి. ఇదంతా చూస్తూ నాకు మగ్గు మీద అనుమానం రాలేదు. అర కిలోకి అర కిలో తూచి కొన్నాను, అద్దంలో రాసి కూడా ఉంది. అందుకని నేనూ అనుకున్నాను, పాపం, అక్కకి మతిమరుపు మొదలైందని. మా ఆవిడతో కూడా అన్నాను. అలాంటి మాట నీ నోటి నుంచి బయటికి రానివ్వకు, పనిచేసుకునే మనిషి అంది మా ఆవిడ. నేను ఎంతో ఉదారంగా ఎవరికీ చెప్పలేదు. పైగా రోజూ పిన్నిని జాలిగా పలకరించేవాణ్ని. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

పందొమ్మిదో రోజు, రొట్టెలు పైకి వెళ్లిపోయాక, పదకొండింటప్పుడు ఆవిడ స్టోరులోకి వచ్చింది. చేతిలో మగ్గు ఉంది. ఎప్పుడూ కూర్చోని మనిషి బస్తా మీద కూర్చుంది.

“తెల్లకాగితం ఉందా? నీ దస్తూరీ బాగుంటుంది. ఒక ఉత్తరం రాసిపెట్టు.”

ఎవరికని అడిగాను. ఆఫీసుకి, ఉద్యోగం మానేస్తున్నానని అంది. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది కదక్కా అన్నాను. ఆ ఏడాదికి తను ఉండొద్దూ అంది. నా కలం మూత రాలేదు. రెండుసార్లు లాగాను.

“కారణం ఏం రాయమంటావు?”

“ఉన్నదే రాయి. లెక్క తప్పుతోంది.”

అప్పుడు చెప్పింది, నిదానంగా, కూరగాయల ధరలు చెప్పినట్టు. వాళ్లమ్మకి కూడా లెక్కతోనే మొదలైందట. వాళ్లింటికి పద్నాలుగు మెట్లు. తల్లి రోజూ లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. ఒకరోజు పన్నెండే వచ్చాయి. ఎవడో రెండు మెట్లు ఎత్తుకుపోయాడని నవ్వించింది. ఆర్నెల్లు తిరిగేసరికి వండిన గిన్నెలు మంచం కింద పెట్టేది. తర్వాత ఒకనాడు అన్నం తినిపిస్తుంటే, మీకెందుకండీ శ్రమ, మా అమ్మాయి వస్తుంది అందట. కన్నకూతుర్ని మీరు అంది. అక్కణ్నుంచి ఏడేళ్లు. పొద్దున ఇక్కడ రొట్టెలు, ఇంటికెళ్లి ఆ పని. ఇప్పుడు తను, చెల్లెలు, రెండు గదులు. ఈ పందొమ్మిది రోజులుగా ఇంటి తాళం చెవి చెల్లెలికే ఇచ్చేసిందట. గ్యాసు ముట్టుకోవడం మానేసిందట. పడుకోబోయే ముందు చెల్లెలు ఆవిడ చేత చుట్టాల పేర్లు, మెట్ల లెక్క, నెలల పేర్లు వెనక నుంచి ముందుకి అప్పజెప్పిస్తుందట.

“అన్నీ చెప్తున్నాను. అక్కడ తప్పు పోవట్లేదు, ఇక్కడే పోతోంది. రేపు ఉప్పు రెండుసార్లు వేస్తాను. ఎల్లుండి ఓవెన్ గ్యాసు తెరిచి మర్చిపోతాను. పైన లేవలేని వాళ్లున్నారు తమ్ముడూ. రాయి.”

రాశాను. ‘జ్ఞాపకశక్తి సరిగా లేనందున’ దాకా రాశాను. అక్షరాలు నిజంగానే బాగా వచ్చాయి.

సంతకం పెట్టే ముందు ఒక్కసారి కాటా ఇటు జరపమంది. లెక్క ఎలాగూ పోయింది, చేతి కొలతైనా ఉందో అదీ పోయిందో చూసుకోవాలట. విప్పి ఉన్న బస్తాలో మగ్గు ముంచింది. నా బల్ల అంచుకి తాటించింది. టక్ టక్. పైన కొంచెం వేసి అరచేత్తో చదును చేసింది. కాటా మీద పెట్టింది. మగ్గు బరువు తీసేసి చూస్తే ఐదువందలు.

“నీ చార్టు ప్రకారం సరిగ్గా ఉంది,” అంది. “అయితే చెయ్యి బాగానే ఉంది. పాడైంది తలే.”

ఆ రెండు దెబ్బలు నా బల్ల మీద కాదు, నా తల మీద పడ్డట్టు ఉన్నాయి. పాత మగ్గుని తూచిన రోజు నేను కొట్టలేదు. మంచులా పోశాను. కొట్టకుండా ఐదువందలు పట్టింది. ఇది కొడితే ఐదువందలు పట్టింది. అంటే ఇది చిన్నది. కొట్టి నింపితే పాతది ఎంత పట్టేది? ఇరవైకి పైన నాలుగు, ఇరవై నాలుగు మగ్గులకి పన్నెండు కిలోలు. పన్నెండు కిలోలని ఇరవైతో భాగిస్తే ఆరువందలు. మగ్గుకి వంద గ్రాముల చొప్పున, రోజుకి రెండు కిలోల చొప్పున, ఈ మనిషి తలలో లేని రోగాన్ని నేను పందొమ్మిది రోజులుగా నింపుతున్నాను.

కిందికి వంగి సొరుగు లాగాను. క్యాలెండర్లు తీసి, చదునైన మగ్గుని ఉత్తరం పక్కన పెట్టాను.

“నీ తలకేం కాలేదక్కా. మగ్గు మారింది. నేనే మార్చాను.”

స్కూటరు, చీమ, గిన్నెల అంగడి, పదకొండు చుట్లు, గరిటె, స్కేలు, అన్నీ చెప్పాను. ఆవిడ చదునైన మగ్గుని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అంచు మీద వేలు రాసింది. తలుపులోంచి కనిపించే వంటగది కిటికీలో ఎవరివో కాళ్లు వెళ్లాయి. ఆవిడ చూడలేదు.

“ఎన్ని రోజులైంది?”

“పందొమ్మిది.”

“మీకు లెక్క బాగానే ఉందండీ.”

ఇరవై ఏళ్లలో నన్ను మీరు అనడం అదే మొదలు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నవ్వలేదు. ఇంత అలిసిపోయానని ఇప్పటిదాకా తెలియలేదు అని మాత్రం అంది, నాతో కాదు, మగ్గుతో. ఆ తర్వాత ఉత్తరం తీసుకుని చదివింది. సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి కాసేపు ఆగింది. చింపుతుందని చూశాను. చింపలేదు, తిప్పింది.

“వెనక ఖాళీగా ఉంది. రాయండి. పిండి పన్నెండు కిలోలు. నీళ్లు ఏడున్నర లీటర్లు. ఉప్పు గిన్నె తెస్తాను, అదీ తూచండి. ఈసారి నా ముందు తూచండి.”

తూచాను. గరిటెడు ఈస్టు కూడా తూచాను. మధ్యాహ్నం ఆవిడ ముందు నడవగా వెనకాల చదునైన మగ్గు పట్టుకుని డైట్ మేడమ్ గదికి వెళ్లాను. మేడమ్ అంతా విని, తప్పు తనదీ ఉందంది. ఎలా నింపుతారని అడగాల్సిందట. గోడ మీద చార్టు మార్చాం. ఇప్పుడు అందులో ‘మగ్గు, రెండు దెబ్బలతో, 500 గ్రాములు. ఇరవై నాలుగు మగ్గులు’ అని ఉంటుంది. దాని కింద సన్నటి అక్షరాలతో ‘దెబ్బలు లేకుండా తూచినది చెల్లదు’ అన్న వాక్యం పిన్ని పట్టుబట్టి రాయించింది. తోమే ఇద్దరికీ చదవడం వచ్చు. ఓ వారం అనుకున్నాను గానీ, వాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు.

అద్దంలో గ్రాములున్నా పొద్దున మగ్గే. వంటగది కాటా రెండు కిలోలకు మించి మోయదు, పన్నెండు కిలోలకి ఆరుసార్లు తూచే ఓపిక తనకి లేదంది. లెక్క మాత్రం ఇక తను పెట్టదట. పందొమ్మిది రోజులు లెక్కపెట్టీ పెట్టీ విసుగొచ్చిందట. ఆ పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. నా డ్యూటీ ఎనిమిదింటికి. అప్పట్నుంచి ఆరింటికల్లా తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అందరికీ వినపడేలా ఒకటి, రెండు అంటున్నాను. స్కూటరు రోడ్డు మీదే ఎండలో ఉంటోంది.

పిన్ని మానలేదు, ఆ ఏడాదీ చేస్తానంది. తాళం చెవి మాత్రం ఇంకా చెల్లెలి దగ్గరే ఉంది. ఉండనీ, ఒక బరువు తగ్గింది అంటుంది. చెల్లెలు ఇప్పటికీ అప్పుడప్పుడూ నెలల పేర్లు వెనక నుంచి అడుగుతుందట. అది సరదాకో భయానికో ఇద్దరికీ తెలియదట. ఒకసారి పట్టుకున్న భయం, మగ్గు మార్చినంత తేలిగ్గా మారదు కాబోలు.

దాదాపు మూడు వారాలు నన్ను మీరనే అంది. నేను అంకెలు చెప్పడం, ఆవిడ వినీ విననట్టు పోయడం.

మొన్న మంగళవారం వాన. కిటికీలో కాళ్లన్నీ పరుగెత్తుతున్నాయి. పదహారు అన్నాను, పదిహేడు అన్నాను. ఇంతలో బయట ఎండలో ఉండాల్సిన నా స్కూటరు తడుస్తోందని గుర్తొచ్చింది, సీటు చిరుగు లోంచి నీళ్లు దిగుతాయని గుర్తొచ్చింది. టక్ టక్ వినపడింది. పదిహేడు అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. అరచేత్తో పిండి చదును చేసి తొట్టిలో బోర్లించింది.

“పద్దెనిమిది,” అంది. “నీకు మొదలైందేమో చూసుకో, తమ్ముడూ.”